ఎల్గుజా బాన

మా ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లు ముందు చర్చి చూస్తారు. తొమ్మిదొందల ఏళ్ల నాటిదని సాలోమే చెబుతుంది, వాళ్లు నోళ్లు తెరుచుకుని తలలూపుతారు. అంబ్రోలౌరి పట్నం నుంచి వాళ్లను వ్యాన్‌లో ఎక్కించుకొచ్చే పిల్ల సాలోమే. చర్చి అయ్యాక రాతి బురుజు, చెక్క వసారాలు, కొండవాలున ద్రాక్షతోటలు. ఎక్కడ చూసినా ఫోటోలే. మా ఊరి పందులకున్నన్ని ఫోటోలు నాకు లేవు. తిరిగి తిరిగి కాళ్లు పీక్కుపోయాక అందరూ లమారా ఇంటికి చేరతారు, తినడానికీ తాగడానికీ.

లమారా పెరట్లో రేకుల కప్పు కింద ఏడు బానలు మెడదాకా నేలలో పాతి ఉంటాయి. రాచా కొండల్లో వైన్ అలాగే మాగుతుంది, మట్టి బానలో, మట్టి కడుపులో. ఆరు బానల్లోంచి ఆమె తోడి పోస్తుంది. ఏడోదాని జోలికి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. దాని మూతి మీద రాతిపలక, పలక మీద మట్టి మెత్తిన మందపాటి పూత, ఆ పూత మీద ఎప్పుడూ తడి ఉండేది.

"ఇందులో ఏముంది?" అని ప్రతివాడూ అడిగేవాడు.

"మా తమ్ముడిది. వాడొచ్చాక తీస్తాం," అనేది లమారా.

సాలోమే వాళ్ల భాషలో, అమ్మకానికి కాదు అని మాత్రం చెప్పేది. ఒకసారి ఒక బట్టతలాయన ఎంతైనా ఇస్తానని పట్టుబట్టాడు. "మీ ఇంట్లో మీ తమ్ముడికి దాచిన అన్నం ఇలాగే అమ్ముకుంటావేమో అడుగమ్మా," అన్నాను నేను. సాలోమే ఆ మాట చెప్పలేదు. చెప్పాల్సింది.

నా పేరు ఓటియా. బానలు కడగడం నా పని. మా వంశంలో అందరం బక్కవాళ్లమే, భుజాలు ముడిస్తే ఎంత ఇరుకు మూతిలోంచైనా దిగిపోతాం. లోపల కూర్చుని చెర్రీ బెరడుతో గోడలు రుద్ది, కడిగిన నీళ్లు మనం తాగగలిగేంత తేటగా వచ్చేదాకా కడగాలి. "నువ్వు చచ్చిపోతే పెట్టె అక్కర్లేదురా, ఒక బాన చాలు," అని ఊళ్లోవాళ్లు ఎగతాళి చేస్తారు. చెయ్యనీ.

కొడుకు పుట్టిన ఏడాది మావాళ్లు ఒక బాన నింపి మూసేస్తారు. మళ్లీ అది వాడి పెళ్లికే తీస్తారు. పెళ్లి కాకుండానే పోతే, అనకూడని మాటే గానీ, వాడి దినం విందులో తీస్తారు. మూడో పనికి ఆ మూత కదపరు. లమారా తమ్ముడు ఎల్గుజా పుట్టిన ఏడు, డెబ్బై రెండులో, ఈ ఏడో బానని మా నాన్న కడిగాడు, లమారా వాళ్ల నాన్న నింపాడు. ఆరేళ్ల లమారా మట్టి తొక్కి పూతకి అందించిందట. నాకు పద్నాలుగేళ్లు, నాకూ గుర్తే.

తొంభై మూడులో ఎల్గుజా సుఖూమి వైపు యుద్ధానికి వెళ్లాడు. ఆరడుగుల మనిషి, ఇరవై ఒక్కేళ్లు. తిరిగి రాలేదు. పోయాడన్న కబురు కూడా రాలేదు. పెళ్లీ లేదు, దినమూ లేదు, బాన అలాగే ఉండిపోయింది. నాలుగేళ్లలో తల్లీ తండ్రీ కూడా చనిపోయారు. మిగిలింది లమారా.

మూత మీది మట్టి ఎండితే బీటలు వారుతుంది. బీటలు వారితే గాలి దూరుతుంది, గాలి దూరితే వైన్ పోయినట్టే. అందుకని రోజూ నీళ్లు పొయ్యాలి. అంచు పెచ్చులూడిన నీలం రంగు మగ్గు ఒకటుంది లమారా దగ్గర. ఆ మగ్గుతో పొద్దున్నే ఒకసారి, వేసవిలో సాయంత్రం ఇంకోసారి. కుతైసీలో పిన్ని కూతురి పెళ్లికి వెళ్లి ఆ రాత్రి అక్కడ ఉండకుండా సాయంత్రం బస్సుకే వచ్చేసింది. ఓనీ ఊరి బస్సు డ్రైవరు ఒకడు ఈమెను చేసుకుంటానని మూడేళ్లు తిరిగాడు. "మా వాడి పెళ్లయ్యాకే నాది," అంది. అతను చూసి చూసి వేరే పిల్లను చేసుకున్నాడు. "మంచివాడే పాపం. మగ్గు ఇస్తే నీళ్లు కూడా పోసేవాడు," అని నవ్వేది లమారా. నాకు మాత్రం ఒళ్లు మండేది.

"ఇంకెన్నాళ్లు పోస్తావే అమ్మాయ్?" అని ఒకరోజు అడిగేశాను.

"నువ్వు ఊరందరి బానలూ కడుగుతున్నావు. ఎన్నాళ్లని నేనడిగానా ఓటియన్నా?"



రెండువేల తొమ్మిది సెప్టెంబరులో భూమి కంపించింది. మర్నాడు కర్ర పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. నిండు బాన మెడ మీద కర్రతో కొడితే 'దబ్' మంటుంది. ఖాళీ బాన మోగుతుంది. లమారా ఇంట్లో ఆరు బానలూ దబ్ దబ్‌మన్నాయి. ఏడోది కొట్టాను. మోగింది.

అడుగున ఎక్కడో పగిలి, ముప్పై ఏడేళ్ల వైన్ రాత్రికి రాత్రి మట్టిలోకి ఇంకిపోయింది. తవ్వి తీస్తే అతుకుతుందా? పోయింది వెనక్కొస్తుందా? వెనక్కి తిరిగి చూస్తే లమారా. చేతిలో ఆ మగ్గు.

"బాగుందా అన్నా?"

"బాగుందమ్మా," అన్నాను.

అంతే. నా నోటితోనే వచ్చింది. హమ్మయ్య అనుకుని ఆమె వంగి నీళ్లు పోసింది. ఈ రోజు కాకపోతే రేపు చెబుదాంలే అనుకున్నాను. రేపటికి ఎల్లుండి అయింది, ఎల్లుండికి పదేళ్లయింది. కక్కలేక మింగలేక ఉన్నాను. ఆమె పెరడు దాటి పోవాల్సి వచ్చినప్పుడల్లా చర్చి వెనకనుంచి చుట్టు తిరిగి పోయేవాణ్ని.

మధ్యలో ఏదో ఆఫీసువాళ్లు వచ్చి లమారా చెంప లోపల దూదిపుల్ల తిప్పి తీసుకెళ్లారు, యుద్ధం జరిగిన చోట దొరికిన ఎముకలతో పోల్చి చూడ్డానికట. పోయిన ఏడాది శరదృతువులో, కోతలు ముగిసిన వారం, మళ్లీ వచ్చారు. ఒక కాగితం, ఒక చిన్న పెట్టె. ఆరడుగుల ఎల్గుజా ఆ పెట్టెలో పట్టేశాడు.

లమారా ఏడవలేదు. పెట్టెను వసారాలో పెట్టి, తల్లి శాలువా కప్పి, నా దగ్గరికి నడిచొచ్చింది. "వచ్చాడు కదా అన్నా. ఆదివారం బాన తియ్యాలి. నువ్వే తియ్యాలి."

బుధవారం చెబుదామని వెళ్లాను. ఆడవాళ్లతో కలిసి బియ్యం ఏరుతోంది. గురువారం వెళ్లాను. "నలభై ఏడేళ్ల వైన్! మన ఊళ్లో ఎవడి నాలికా ఎరగదు," అని పొరుగింటాయనతో చెబుతోంది. ఆమె మొహంలో అంత వెలుగు నేను తొంభై మూడు తర్వాత చూడలేదు. పక్క బానలోంచి తోడి నింపేద్దామా అని కూడా అనుకున్నాను, సిగ్గులేనివాణ్ని. పగిలిన బానలో ఎంత పోస్తే ఎంత నిలుస్తుంది? శనివారం గుమ్మం దాకా వెళ్లి, కట్టెలు కొట్టిచ్చి వచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం సమాధి దగ్గర్నుంచి అందరూ పెరట్లోకి వచ్చారు. బల్లల మీద రొట్టెలు, చేపలు, మాంసం వేసి వండిన అన్నం. గ్లాసులన్నీ ఖాళీగా పెట్టించింది లమారా, ఆ వైన్ కోసమని. నేను మట్టి గీకాను, పలక జరిపాను. కొన్నాళ్లుగా మూసి ఉన్న బానలోకి దిగేముందు తాడుకు కొవ్వొత్తి కట్టి వదలాలి, ఆరిపోతే గాలి మంచిది కాదని గుర్తు. కొవ్వొత్తి ఆరలేదు. కిందికి, ఇంకా కిందికి, అడుగుదాకా నిక్షేపంగా వెలుగుతూ వెళ్లింది. చుట్టూ ఉట్టి గోడలు. వంగి చూసినవాళ్లందరికీ కనబడింది.

"భూకంపంలో పోయుంటుంది," అన్నారెవరో.

"దిగి చూడన్నా. అడుగునైనా కాస్త ఉందేమో," అంది లమారా.

దిగాను. అడుగున ఎండి పెళుసైన మడ్డి, వేలెడు సందున్న పగులు. పిడికెడు మడ్డి గోకి చేతిలో పట్టుకున్నాను. పైన గుండ్రటి వెలుతురులో ఆమె మొహం. బానలో ఉన్నవాడికి గుసగుసైనా ఉరుములా వినిపిస్తుంది.

"నీకు తెలుసా అన్నా?"

అబద్ధం ఆడదామన్నా చోటు లేదు అక్కడ. "తెలుసమ్మా."

"ఎప్పట్నుంచి?"

"భూమి కంపించిన మర్నాటి నుంచి."

నా ఊపిరి నాకే వినబడుతోంది.

"పదేళ్లు నా చేత నీళ్లు పోయించావు."

"నువ్వు మగ్గు పట్టుకుని నిలబడ్డావు తల్లీ. నా వల్ల కాలేదు." పిడికిలి పైకెత్తాను. "ఇది మిగిలింది. గ్లాసుల్లో కాస్త కాస్త..."

ఆమె చెయ్యి చాచి మడ్డి తీసుకుంది. మొహం తప్పుకుంది. పైన బల్లలు జరుగుతున్న చప్పుడు, ఎవరో ఆరు బానల్లో ఒకదాన్ని తీస్తున్న చప్పుడు. ఎల్గుజా పేరెత్తి ఊరి పెద్దాయన ఒకరు చెబుతున్న మాటలు. నేను పైకి రాలేదు. ఏ మొహం పెట్టుకుని రాను? అరవై ఒక్కేళ్ల ముసలాణ్ని బానలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను, అందరికీ వినబడేలా.

కాసేపటికి తాడుకు కట్టిన చెర్రీ బెరడు కిందికి వచ్చింది. దాని వెనకే ఆ నీలం మగ్గు, నిండా నీళ్లతో.

"దిగావు కదా, కడుగు," అంది లమారా. "చాలకపోతే అడుగు, పోస్తాను."

గోడలు రుద్దాను. నీళ్లు పోశాను. నా కాళ్లు తడవకముందే పగుల్లోంచి మట్టిలోకి పోయాయి. ఖాళీ మగ్గు పైకందించాను. ఆమె నింపి ఇచ్చింది. మళ్లీ పోశాను.