పచ్చ పట్టీ

మా పెద్దబాపు పోయిండు. బతుకమ్మ నాడు ఇంటి కాడ పడ్డడు, మూడో దినం దవఖానల పానం ఇడిశిండు. జబ్బే తీస్కపోయిందని గల్లీల అంటున్నరు. నాకు ఎరుక, అంతా జబ్బు తప్పు కాదు.

సూరత్ల, లింబాయత్ దిక్కు ముప్పై ఏండ్లు సాంచెలు, గా కరెంటు మగ్గాలు, నడిపిండు. చప్పుడు ఇని ఏ సాంచె మీద పోగు తెగిందో చెప్పేటోడు. చీర అంచులు కత్తిరిచ్చుడు నాకు నేర్పింది ఆయనే. "కండ్లు ఏడ వెట్టినవ్ బిడ్డా?" అని గదిమేటోడు. ఇయ్యాల నేను తినే బువ్వ ఆ గదుముడుదే.

పార్కిన్సన్, గా వణుకు జబ్బు, వచ్చినంక చాయ్ గిలాస గూడ పట్టరాకపోయె. ఆపరేషన్ చేసి మెదడుల సన్న తీగెలు వెట్టిన్రు, ఛాతిల తోలు కింద చిన్న మిషన్. వణుకు ఆగింది. అంగీ గుండీలు తనే పెట్టుకొని గల్లీ అంత చూపిచ్చుకుంట తిరిగిండు. "పెండ్లికొడుకు అయిండు" అని పెద్దమ్మ నవ్వింది. కాళ్లు మాత్రం మాట ఇనలే. ఇంటి కడప కాడికి రాంగనే పాదాలు నేలకు అతుకపోయేటియి.

డాక్టర్ ముందే చెప్పిండు. "వణుకు తగ్గుతుంది, నడక సంగతి చెప్పలేను. కడప ముందు ఒక్క గీత పెట్టండి. దాన్నే చూస్తూ దాటాలి. పడితే మాత్రం కష్టం."

పెద్దబాపు పచ్చ చీర అంచు పట్టీని కడప అవతల బంకతోని అతికిచ్చిండు. దాని దిక్కే చూసుకుంట, "జర ఆగు, కాలుకు చెప్తున్న" అనేటోడు. కాలు లేశేది. ఎవరన్న పిలిశి చూపు మళ్లిందా, మల్ల ఆగేది. "నన్ను కండ్లే నడిపిస్తున్నయి బిడ్డా" అన్నడు ఒకనాడు. నేను నవ్విన. నవ్వకపోయేదుండె.

సద్దుల బతుకమ్మ నాడు కడప ముంగట నేనే పెద్ద ముగ్గు ఏశిన. ఒక్క గీతకే గింత మంచిగ దాటుతుంటే, గిన్ని గీతలుంటే ఉరుకుతడనుకున్న. పట్టీ మీదికెల్లి గూడ ఏశిన. మెచ్చుకుంటడని ఆన్నే నిలవడ్డ.

పొద్దుగూకంగ ఆడోళ్లు బతుకమ్మలు ఎత్తుకున్నరు. చూద్దామని ఆయన కడప దాక వచ్చి ఆగిండు. చూపు ఒక గీత మీదికెల్లి ఇంకో గీత మీదికి తిరుగుతనే ఉంది.

"ఏది దాటాలె బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపే ఒళ్లు ముందుకు ఒంగింది. కాళ్లు ఆడనే ఉన్నయి.

శవం ఇంటికి వస్తుందని ఎవరో ముగ్గు కడిగిన్రు. కింద పచ్చ పట్టీ అట్లనే ఉంది, అంచు గూడ లేవలే. పాడె మోసిన నలుగురు దాని దిక్కు చూడకుంటనే దాటిపోయిన్రు.