నాలుగో బెంచీ చేతులు

మా అక్క ఏ వీడియోలోనూ పిల్లల మొహాలు తీయనివ్వలేదు. చేతులే తీయించేది. ఏడో తరగతిలో ముప్పై రెండు మంది పిల్లలుంటే అరవై నాలుగు చేతులు. ఎవరి చెయ్యి ఏదో వాళ్ల కన్నతల్లులకైనా తెలియదని ఆమె ధీమా. ఆ ధీమాయే మా కొంప ముంచింది.

అక్క పోయి పదకొండు నెలలైంది. ఆమె గురించి రాయమన్నవాళ్లు పాటల గురించి రాస్తాననుకుని ఉంటారు. కానీ కాగితం ముందు కూర్చుంటే నాకు కనబడేది ఆ వానాకాలపు వారం రోజుల్లో ఆమె మొహం.

అక్క సంగీతం చెప్పే బడిలో ఆ పాఠానికి దక్కింది మెట్ల కింది గది. రెండు మీటలు పలకని కీబోర్డు, ఒక ప్రొజెక్టరు, తెల్లటి గోడ. శుక్రవారం శుక్రవారం ఆ గోడ మీద ఎక్కడెక్కడివో సంగీతం వీడియోలు వేసి చూపించేది. తడి వేలితో గాజు గ్లాసుల అంచులు రుద్దుతూ పాట పలికించే ముసలావిడ, ఖాళీ డబ్బాలు వాయిస్తూ వీధి దాటే గుంపు. అయ్యాక, "మరి మన దగ్గరేముంది?" అని అడిగేది. చలికాలంలో నీళ్లు పోసిన సీసాలు, ఆకులు రాలే రోజుల్లో ఎండుటాకుల మీద నడక, ఎండాకాలంలో అట్టముక్కల గాలి. వానాకాలం వస్తే బల్లల మీద వాన. అరచేతులు రుద్దుకుంటే గాలి, రెండు వేళ్లతో కొడితే తుంపర, పది వేళ్లయితే జడివాన. ఫోను పట్టుకుని తీసే పని నాది. సాయంత్రం ఇద్దరం కూర్చుని అతికించి ఆమె ఛానెల్లో పెట్టేవాళ్లం. మహా అయితే యాభై మంది చూసేవాళ్లు. అందులో నాలుగుసార్లు మా పిన్నే.

ఆ ఏడు మధ్యలో బడికి ఒక అమ్మాయి వచ్చి చేరింది. నాలుగో బెంచీ చివర కూర్చునేది. పలకరిస్తే తప్ప పలికేది కాదు. తల్లి బట్టలు కుట్టే చోట పనిచేసేది. భర్త తన చెయ్యి విరగ్గొట్టాక పిల్లను తీసుకుని చెప్పకుండా వచ్చేసింది. ఆ సంగతి హెడ్మాస్టరుకూ అక్కకూ మాత్రమే చెప్పుకుంది.

వాన వాయించేటప్పుడు ఆ అమ్మాయి నాలుగు వేళ్లూ వాల్చి, చటుక్కున చెయ్యి తిప్పి, బొటనవేలి కణుపుతో బల్లను తాకేది. రేకు మీద పెద్ద చినుకు పడ్డట్టుండేది. అక్క అక్కడికక్కడే ఆమెకు చినుకు అని పేరు పెట్టేసింది. "ఒరేయ్, అక్కడే ఉంచు, కదపకు" అంది నాతో. ఫోను పన్నెండు సెకన్ల పాటు ఆ చేతుల మీదే ఆగింది.

వీడియో పెట్టిన మూడోరోజు కింద ఒకరు రాశారు: 'నాలుగో బెంచీ చేతులు అద్భుతం. నేనూ వాయిద్యం మనిషినే. ఏ బడి అండీ?'

పొగిడితే మా అక్క ఒళ్లు మరిచిపోతుంది. బడి పేరు, వీధి పేరు రాసి, 'ధన్యవాదాలు' అని కూడా చేర్చింది. సోమవారం ఆ మాటలు చినుకుకు చూపించింది, పిల్ల సంతోషిస్తుందని.

చినుకు చదవలేదు. రాసినవాడి పేరు పక్కనున్న చిన్న బొమ్మనే చూసింది. ఎర్రటి డ్రమ్ము బొమ్మ. రెండు చేతులూ బల్ల కిందికి లాక్కుంది.

"ఆ డ్రమ్ము మా నాన్నది, మేడమ్."

అక్క వీడియో తీసేసి హెడ్మాస్టరు గదికి పరిగెత్తింది. ఆయన నవ్వుతూ ఎదురొచ్చాడు.

"మీకోసమే కబురు పెట్టబోతున్నానమ్మా. ఎవరో డ్రమ్స్ వాయించే ఆయనట, మీ వీడియో చూసి ఫోన్ చేశాడు. శుక్రవారం వచ్చి పిల్లలకు ఊరికే నేర్పిపోతాడట. ఎంత మర్యాదగా మాట్లాడాడనీ! సరే రమ్మన్నాను."

ఆయనెవరో అక్క చెప్పింది. హెడ్మాస్టరు కుర్చీ చేతిని వెతుక్కుంటూ కూర్చున్నాడు. "వద్దని చెప్పేద్దామా?"

"వద్దంటే గేటు దగ్గర నిలబడతాడు సార్. రోజూ."

ఆ సాయంత్రం చినుకు తల్లి మా ఇంటికొచ్చింది. వేళ్లకింకా దారప్పోగులు అంటుకునే ఉన్నాయి. పోలీసులకు చెబుదామన్నాను నేను.

"ఒకసారి చెప్పానన్నా. ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టి మంచి మాటలు చెప్పారు. తర్వాత జీపులో ఇంటిదాకా దింపారు. నన్నూ, ఆయన్నీ, కలిపే." ఆమె లేచింది. "ఇప్పుడే వెళ్లిపోతాం మేడమ్."

"ఇప్పుడు వెళ్తే నిన్నటిదాకా ఇక్కడే ఉన్నారని తెలిసిపోతుందమ్మా" అంది అక్క. "వెనకే వస్తాడు. మీరసలు ఇక్కడికి రానేలేదని అనుకోవాలి." కాసేపు తన చేతులు తనే చూసుకుంది. "వాడు గుర్తుపట్టింది పిల్లను కాదు, తను వాయించే ఆ దెబ్బను. అది అందరికీ వస్తే?"

మంగళవారం నుంచి గురువారం దాకా చినుకే పాఠం చెప్పింది. బెంచీ బెంచీకీ తిరిగి, ఒక్కొక్కళ్ల చెయ్యి పట్టుకుని తిప్పి చూపించింది. కొత్త పాఠమని తప్ప అక్క పిల్లలకేమీ చెప్పలేదు.

"నా బొటనవేలు నా మాట వినట్లేదు మేడమ్!"

"నువ్వు నా మాట ఎప్పుడైనా విన్నావురా, అది నీ మాట వినడానికి?"

పిల్లలు నవ్వారు. అక్క కూడా నవ్వింది గానీ కారిడార్లో చెప్పుల చప్పుడైన ప్రతిసారీ ఆ నవ్వు సగంలోనే తెగిపోయేది. ఇంట్లో అన్నం కలుపుకుని కంచం అలాగే వదిలేసేది. మాట్లాడుతూ మాట్లాడుతూ బల్ల మీద బొటనవేలు కొట్టుకునేది. కీళ్లనొప్పుల చెయ్యి, సరిగ్గా తిరిగేది కాదు.

గురువారం గంట కొట్టాక ముందు బెంచీ పిల్ల ఆగిపోయింది. ఆ గొంతుకు అక్క పెట్టిన పేరు సైరన్.

"రేపు రానని చినుకు అంటోంది, ఎందుకు మేడమ్?"

"దానికి ఒంట్లో బాగాలేదు."

"ఇవాళ బానే ఉందిగా?"

"రేపు బాగోదు."

సైరన్ అక్క మొహంలోకి ఒకసారి చూసింది. సంచి తగిలించుకుని వెళ్లిపోయింది.

శుక్రవారం తల్లీకూతుళ్లను మా ఇంట్లో ఉంచి, లోపల గడియ పెట్టుకోమన్నాం. నేను ఫోను పట్టుకుని బడికెళ్లాను.

అతను భయం పుట్టించేలా ఉంటాడనుకున్నాను. అలా లేడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో చాక్లెట్ల పొట్లం, మెత్తటి గొంతు. అందుకే నాకింకా భయమేసింది. నేరుగా నాలుగో బెంచీ దగ్గరికెళ్లి, ఆ చివరి ఖాళీలో కూర్చున్నాడు. "కానివ్వండి టీచర్ గారూ. చూస్తాను."

గాలి వీచింది. తుంపర పడింది. తర్వాత ముప్పై ఒక్క బొటనవేళ్లు ఒక్కసారే బల్లల మీద పడ్డాయి.

అతను లేచి బెంచీల మధ్య నడిచాడు. ఒక్క మొహం కూడా చూడలేదు. చేతులే చూసుకుంటూ వచ్చాడు. ముందు బెంచీ దగ్గర ఆగాడు.

"ఎవరు నేర్పారమ్మా మీకిది?"

 ఆ గదిలో ముప్పై ఒక్క నోళ్లున్నాయి. ఏ ఒక్కటి జారినా చాలు.

సైరన్ లేచి నిలబడింది. "మేడమే. రాకపోతే వేళ్ల మీద కొడతారు."

మా అక్క తన ఉద్యోగంలో ఒక్క పిల్లను కొట్టి ఎరగదు. అయినా తరగతంతా బుద్ధిగా తలలూపింది. చివరి బెంచీవాడైతే దెబ్బ తగిలినట్టు వేళ్లు ఊదుకున్నాడు కూడా.

అతను అక్క వైపు తిరిగాడు. "ఏదీ, మీరోసారి?"

అక్క బల్ల ముందు నిలబడి వాయించింది. మొదటిసారి కణుపు తగలకుండా గోరు తగిలింది. రెండోసారి పలికింది గానీ పేలవంగా ఉంది. అతను ముందుకొచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మెల్లిగా లోపలికి తిప్పాడు. "ఇలా." అవసరమైన దానికన్నా ఎక్కువసేపు పట్టుకున్నాడు. అక్క చెయ్యి వెనక్కి లాక్కోలేదు, అతని మొహంలోకే చూస్తూ నిలబడింది.

"ఇది నాకొక్కడికే వచ్చనుకున్నాను" అన్నాడు. వదిలేశాడు. చాక్లెట్లు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

నమ్మాడో లేదో మాకు తెలియలేదు. మర్నాడు పొద్దున్నే తల్లీకూతుళ్లను బస్సెక్కించడానికి వెళ్లాం. సంచి పైకి అందిస్తుంటే తల్లి అక్క వైపు వంగింది. "మీకొక్కరికి చెబుతాను మేడమ్, మేం వెళ్లేది..."

"చెప్పొద్దు!" అక్క గబుక్కున రెండు చెవులూ మూసుకుంది. "నాకు తెలియకూడదమ్మా."

చెప్పడం అప్పటికే మొదలుపెట్టిన తల్లి మాట పూర్తి చేసింది. బస్సు కదిలింది.

చలికాలంలో అతను మళ్లీ వచ్చాడు. ఈసారి చొక్కాకు ఇస్త్రీ లేదు. బడి గేటు దగ్గర అక్కను ఆపి, ఒకే మాట అడిగాడట: "ఎక్కడికి పంపావు?"

"నాకు తెలియదు" అందిట అక్క. నిజమే కాబట్టి చూపు తిప్పుకోలేదు. అతను చాలాసేపు చూసి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా కూలబడింది. మంచినీళ్లిచ్చాను. సగం తాగి ఆగింది.

"ఒరేయ్, ఆ రోజు బస్సు దగ్గర నువ్వుగానీ విన్నావా, ఊరి పేరు?"

"లేదక్కా. ఇంజను చప్పుడు" అన్నాను.

"నా ఒట్టు?"

"నీ ఒట్టు."

అప్పుడు తాగింది మిగతా నీళ్లు. ఆ తర్వాత బతికిన ఆరేళ్లలోనూ ఆమె నన్నా మాట మళ్లీ అడగలేదు. నేను విన్నాను. ప్రతి అక్షరం విన్నాను.