నాయన గుర్తు

గిద్దలూరులో స్టిక్కర్ల దుకాణం పెట్టిన కొత్తల్లో మిషన్ మీద నాకింకా చెయ్యి తిరగలేదు. కంప్యూటర్లో అక్షరాలు వేసి నొక్కితే, మిషన్‌లోని కత్తి రంగు స్టిక్కర్ మీద గీసుకుంటూ పోతుంది. కత్తి కొంచెం లోతుగా దిగిందంటే కింది కాగితం కూడా తెగి కూర్చుంటుంది. అట్లా ఎన్ని స్టిక్కర్ చుట్టలు తగలేశానో! తెగాక అక్కర్లేని ముక్కల్ని సూదితో పీకాలి. అక్షరాల తలకట్లు కూడా ఆ ముక్కలతో పాటే లేచొచ్చేవి. పిల్లల నీళ్ల సీసాల మీద పేర్లు, తలుపుల మీద పువ్వులు, అంతవరకే నా పనితనం.

పక్కన కుర్చీ వేసుకొని నాయన చూస్తూ ఉండేవాడు. ఆయనకు చదువు రాదు. రాచర్ల పక్క మా ఊళ్లో బతుకంతా గొర్రెలు మేపాడు. కంటి ఆపరేషన్‌కు నేనాయన్ని మార్కాపురం తీసుకుపోతే, అక్కడున్న నాలుగు రోజుల్లో మా తమ్ముడు మంద మొత్తం అమ్మేశాడు. మేం ఇంటికి పోయేసరికి దొడ్డి ఖాళీ.

"ఈ వయసులో ఎండలో తిరిగేదేంది నాయనా, సుఖంగా కూర్చో," అన్నాడు వాడు. ఎంత ప్రేమ! నాయన కర్ర పట్టుకొని నా వెంట వచ్చేశాడు. ఆనాటి నుంచి వాడితో మాట్లాడలేదు.

ఆ గొర్రెల డబ్బుతో కొన్న కొత్త ఆటో వేసుకొని ఒకరోజు వాడు నా దుకాణానికే వచ్చాడు.

"అక్కా, ఎనక అద్దం మీద 'నాయన దీవెన' అని పెద్దగా ఏసియ్యి."

నాకు ఒళ్లు మండిపోయింది. "సిగ్గుందా రా నీకు? నిన్నెప్పుడు దీవించినాడు? దొడ్డి ఊడ్చిపెట్టినప్పుడా?" అని అరిచాను. రోడ్డున పోయేవాళ్లు ఆగి చూశారు. వాడు నవ్వుతూనే ఉన్నాడు. "అందరూ ఏపిచ్చుకుంటాన్నారు గదక్కా," అన్నాడు.

నాయనే అడ్డొచ్చాడు. "వాడడిగింది ఏసియ్యి పాపా. దాని కింద నా గుర్తు గూడా ఏసియ్యి."

మేతలో మందలు కలిసిపోయినా ఎవరి గొర్రె వాళ్లకు తెలియాలని, ఒక్కో ఇంటివాళ్లు రంగుతో ఒక్కో గుర్తు వేసుకుంటారు. మా నాయనది నడుం మీద రెండు ఎర్రటి అడ్డగీతలు, పక్కన చుక్క.

"నా గొర్రెల్ని అమ్మి కొన్న బండి. గుర్తుండాల గదా," అన్నాడు, కొడుకు వైపు చూడకుండా. తమ్ముడి నవ్వు ఆగిపోయింది. నలుగురి ముందర కాదనలేకపోయాడు.

నేను కోసిన వాటిలో అంత సులువైన పని ఇంకోటి లేదు. రెండు గీతలు, ఒక చుక్క. సూదితో పీకే బాధే లేదు. అద్దం మీద సబ్బు నీళ్లు చల్లి, అంటించి, పాత కార్డుతో ఒక్క బుడగ లేకుండా నొక్కాను. నాయన లేచి వచ్చి వేలితో తడిమి చూసుకున్నాడు. ఎన్నాళ్ల తర్వాతో ఆ పూట అడిగి అన్నం పెట్టించుకున్నాడు.

మర్నాటి నుంచి దుకాణం ముందు కూర్చొని ఆ ఆటో కోసమే చూసేవాడు. గుర్తు కనబడితే చాలు, "మనదే పోతాంది," అనేవాడు. ఆ సంబరం వారం కూడా నిలవలేదు.

ఆ రోజు స్టేషన్ వైపు పోతున్న ఆటోను నేనే ముందు చూశాను. గీతలూ లేవు, చుక్కా లేదు. కత్తితో గీకిన జాడలు, జిగురు మరక. పైన 'నాయన దీవెన' మాత్రం నిగనిగలాడుతోంది. వాడి చేతులు పడిపోను! నాయన మెడ తిప్పి, ఆటో మలుపు తిరిగేదాకా చూశాడు.

"ఎండకు ఊడిపోయిందేమోలే నాయనా. రేపు మళ్లా ఏస్తాలే," అన్నాను.

"పైనుండేదానికి తగల్లేదా పాపా ఎండ?" అన్నాడు. "ఆపరేషన్ బాగా చేసినారు. కన్ను బాగానే కనపడతాంది నాకు."