నోరు ఆయనది, చెయ్యి నాది

మా ఆయన మిలట్రీలో పాతికేళ్ల పైన ఆఫీసరుగా చేశారు. ఒక్క మనిషి మీద కూడా తుపాకీ పేల్చలేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు. లెఫ్టినెంట్ కల్నల్ రౌతు గణపతిరావు అనగానే జనానికి మంచుకొండలు, బాంబులు, శత్రుసైన్యం కనిపించేస్తాయి. నాకు మాత్రం కంచరగాడిదలు కనిపిస్తాయి. ఆయన చేసింది పశువుల డాక్టరు పని. సైన్యానికి కొండల మీదికి సామాన్లు మోసే కంచరగాడిదలు ఉంటాయి. వాటికీ జ్వరాలొస్తాయి, వాటికీ గిట్టలు పగులుతాయి. వాటిని చూడడానికో ఆఫీసరు కావాలి. ఆ ఆఫీసరు నా మొగుడు.

పెళ్లినాటికి ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. మా నాన్నకి విజయనగరంలో ఎరువుల కొట్టు. అల్లుడు మిలట్రీ ఆఫీసరని గంటస్తంభం దగ్గరున్న ప్రతి కొట్టుకీ వెళ్లి చెప్పొచ్చాడు. పెళ్లిభోజనాల దగ్గర మా తమ్ముడు రమేష్‌బాబు, అప్పటికింకా స్కూల్లో చదువుతున్నాడు, కొత్తబావ పక్కన చేరాడు.

"బావా, నువ్వెంతమందిని కాల్సీసేవేటి?"

"కాల్సడమేటిరా, మొన్న ఓ గాడిదకి పన్ను పీకేను," అన్నారాయన పప్పు కలుపుకుంటూ.

పంక్తిలో ఉన్నవాళ్లంతా తినడం ఆపేశారు. మా నాన్న ముఖం అప్పుడు చూడాలి. ఈయన మాత్రం నెయ్యి అడిగి మరీ వేయించుకున్నారు.

కాపురానికి వెళ్లాక తెలిసింది, నాకు సవతి ఉందని. ఓసారి కొండల మీంచి సెలవుకి ఇంటికొచ్చినప్పుడు ఆయన పర్సులోంచి ఫోటో ఒకటి జారిపడింది. నాదే అనుకుని మురిసిపోతూ తీశాను. చూస్తే కంచరగాడిద.

"ఏటండీ ఇది?"

"రాణి. నెల్లాళ్లు లెగలేదు. ఇప్పుడు మళ్లీ బరువులు మోస్తన్నాది," అన్నారు, కొడుకు ఫస్టు క్లాసులో పాసయినంత సంబరంగా.

"మరి నా ఫోటో ఏదీ?"

"నువ్వు బాగానే ఉన్నావు గదా!"

ఇదీ మనిషి. ఇలాంటి మనిషితో చలి ఊళ్లన్నీ తిరిగాను. రిటైరయ్యాక విశాఖపట్నంలో సముద్రం కనపడే ఫ్లాటు తీసుకుందామని నాకో చిన్న ఆశ. ఆయన విన్నారు, తలూపారు, "ఊరెల్దాం," అన్నారు. ఊరంటే గజపతినగరానికి అవతల మా అత్తవారి పల్లె. సామాన్లు దించిన మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే గుమ్మం ముందు ఓ మేక, రెండు దూడలు, వాటి వెనక వాటి మనుషులు. ఎవరు చెప్పారో ఏమో. ఆయన నోట్లో బ్రష్షు అలాగే ఉంచుకుని మేక నోరు తెరిచి చూస్తున్నారు. ఆ రోజు నుంచి నా ఇల్లు నాది కాదు.

సర్కారు పశువుల డాక్టరు ఉన్నాడు, మంచివాడే, కానీ పాపం ఒక్కడు ఎన్ని ఊళ్లు తిరగగలడు? అందుకని ఈయన. పైసా పుచ్చుకునేవారు కాదు. పుచ్చుకోకపోతే ఊరుకుంటారా, ఈనిన ప్రతి గేదె జున్నుపాలూ మా ఇంటికే తెచ్చేవారు. కొత్తలో లొట్టలేసుకుని తిన్నాను. రెండేళ్లు గడిచేసరికి జున్ను అన్న మాట వింటేనే కడుపులో తిప్పేది. వద్దంటే మొహం చిన్నబుచ్చుకుంటారు, తింటే నాకు అరగదు.

ఇక వానలకి ముందు పశువులకి గొంతువాపు టీకాలు. డాక్టరు మందు తెస్తే పశువుల్ని పోగేసే పని ఈయనది. తెల్లారకుండానే విజిల్ ఊది ఊరంతా లేపేవారు. స్కూలు మైదానంలో గేదెల్ని వరసల్లో నిలబెట్టి, వరస తప్పిన గేదెని వదిలేసి దాని యజమానిని కేకలేసేవారు. సూది పడితే పాలు తగ్గిపోతాయని సుభద్రమ్మ అనే ముసలామె ఆవుని తన వంటింట్లో దాచేసింది. ఈయన వెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"నా ఆవు, నా ఇస్టం," అందావిడ.

"ఆవు నీ ఇస్టమే పిన్నీ. జబ్బు నీ ఇస్టం కాదు గదా."

గంటసేపు ఇదే వాదన. ఇంట్లో నా ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. ఆఖరికి ఆవు పొయ్యి పక్కన పేడ వేస్తే గానీ ఆవిడ దాన్ని బయటికి తోలలేదు.

అలాంటి మనిషికి గుండె పట్టేసింది. విశాఖపట్నంలో ఆపరేషను చేశారు. ఇంటికి పంపించేటప్పుడు పెద్ద డాక్టరు నన్ను విడిగా పిలిచి, బరువులెత్తడం, లాగడం, తొయ్యడం ఏమీ కుదరదన్నాడు. పశువుల దగ్గర పెనుగులాట అసలే వద్దన్నాడు. ఈసారి గుండెనొప్పి వస్తే తన చేతుల్లో కూడా ఏమీ ఉండదన్నాడు. ఆస్పత్రి మెట్లు దిగుతూనే నేను నిశ్చయించుకున్నాను. నాకు ఫ్లాటు వద్దు, సముద్రం వద్దు, ఈ మనిషి బతికుంటే చాలు.

కొన్నాళ్లు కాపలా కాశాను. వచ్చినవాళ్లని వచ్చినట్టే తిప్పి పంపాను. చాలామంది తిట్టుకున్నారు, తిట్టుకోనీ. ఓ పొద్దున్న సోములు పరిగెత్తుకుంటూ వచ్చాడు. మా వెనక వీధి రైతు, వరసకి అక్కనని నన్ను అప్పా అంటాడు, ఆయన్ని బావా అంటాడు.

"అప్పా, బావేడీ? గేదె ఈనలేకపోతన్నాది. రేతిరినుంచీ నొప్పులే. డాక్టరు బాబుకి ఫోను సేసినాను, సాలూరెల్నాడంట. ఆయనొచ్చేసరికి మద్దేనం అయిపోతాది."

"బావ సంగతి తెలిసే వచ్చావేటిరా? వెళ్లు," అన్నాను.

వాడు కదల్లేదు. వాడి చూపు నా వెనక్కి పోయింది. తిరిగి చూస్తే ఈయన లుంగీ ఎగ్గట్టి, ఓ చేత్తో బకెట్టు, ఓ చేత్తో సబ్బు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"గుండె కోయించుకుని కుట్టించుకుని వచ్చింది ఇందుకేనా? కదిలితే నా మీద ఒట్టే!"

"సెయ్యి పెట్టకపోతే రెండు ప్రాణాలు పోతాయి, భాగ్యం."

"పెడితే మూడు పోతాయి!"

ఆయన నా ముఖం చూడలేదు. నా చెయ్యి చూశారు. మణికట్టు నుంచి భుజం దాకా, బజార్లో గుడ్డ చూసినట్టు చూశారు.

"నీ సెయ్యి సన్నం," అన్నారు.

"అయితే?"

"అయితే ఏటి? గాజులు తీసి రా."

నేను టౌన్లో పుట్టి పెరిగినదాన్ని. పెళ్లయి అన్నేళ్లయినా గేదె తోక కూడా ముట్టుకోలేదు. కానీ నేను చెయ్యి పెట్టకపోతే ఆయన పెడతారు. ఆ మనిషి ఎలాంటివాడో నాకు తెలుసు. అందుకే వెళ్లాను. గేదె మీద జాలితో కాదు, సోములు మీద జాలితో అసలు కాదు.

సోములు పశువుల శాలలో ఆయన్ని పీట మీద కూచోబెట్టి, లేస్తే నేను ఇంటికి పోతానని బెదిరించి, భుజం దాకా సబ్బూ నూనే పట్టించుకుని చెయ్యి లోపలికి పెట్టాను. ఏం చెప్పమంటారు! లోపల ఒకటే వేడి. నొప్పి వచ్చినప్పుడల్లా నా చెయ్యి నలిగిపోయి ప్రాణం పోయినంత పనయింది. వెనకనుంచి ఈయన కేకలు.

"తల దొరికిందేటి?"

"ఏదో దొరికింది, తలో మోకాలో నాకేం తెలుసు!"

"నోట్లో ఏలెట్టి సూడు. నాలిక కదిలితే దూడ బతికున్నట్టే."

పెట్టాను. కదిలింది. నా వేలుని చప్పరించింది.

"కదిలిందండీ!"

"అయితే కాలు మడతడిపోయుంటాది. ముందు దూడని లోనికి తొయ్యి."

"లోపలికా? మతి పోయిందా మీకు? బయటికి రావలసినదాన్ని లోపలికి తొయ్యమంటారేటి?"

"సోటుంటే గదే కాలు తిరుగుతాది! నొప్పొచ్చినప్పుడు ఆగు. ఆగంటే ఆగు! ఇప్పుడు తొయ్యి. గిట్టని గుప్పిట్లో మూసి పట్టుకో, లేపోతే గర్భసంచి సీరుకుపోతాది. అలక్కాదు, మెల్లిగా..."

"కాసేపు నోరు మూసుకోండి!"

"సెయ్యే గదే వాడొద్దన్నాడు డాక్టరు, నోరు వాడొద్దన్లేదు!"

సోములు పెళ్లాం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అంత కష్టంలోనూ అందరికీ నవ్వే. కాలు దొరికింది, తిరిగింది, తాడు కట్టి ఇద్దరు మగాళ్లు లాగారు, దూడ బయటపడింది. ఇదే మొదలు, ఇదే ఆఖరు అని అక్కడే అందరికీ వినిపించేలా అరిచాను.

ఎవడు వింటాడు? ఆ సాయంత్రానికే సోములు నాలుగూళ్లు చాటింపు వేసేశాడు. ఆ తరవాత ఆయన ఉన్నన్నాళ్లూ ఇదే మా కాపురం. నోరు ఆయనది, చెయ్యి నాది. ఎన్ని గేదెలు తన్నాయో, ఎన్ని చీరలు పాడయ్యాయో నాకే తెలుసు. విజయనగరంలో మా వాళ్ల ఇళ్లకి వెళితే నా చెయ్యి వాసన చూసేవారు, వేళాకోళానికి. ఓసారి బతిమాలగా బతిమాలగా కళింగపట్నం సముద్రానికని బయల్దేరదీశారు. పట్టుచీర కట్టుకున్నాను. సముద్రం హోరు వినబడుతోందనగా రోడ్డు పక్కన పడున్న ఆవుని చూసి కారు ఆపించారు. నేను నెత్తి కొట్టుకున్నాను, దిగాను, చెంగు బిగించాను. సముద్రం చూడకుండానే చీకటి పడింది.

ఇంత చేసిందీ ఆయన గుండె కోసం. కిందటి కార్తీకంలో గజపతినగరం వెళ్లి కూరలు తెచ్చారు. సంచి అరుగు మీద పెట్టి, "వంకాయలు లేతవి దొరికేయి, కారం పెట్టి వండు," అన్నారు. సంచి లోపల పెట్టి వచ్చేసరికి అరుగు మీదే ప్రాణం పోయింది. పశువు దగ్గర కాదు, బరువెత్తి కాదు. వంకాయలు తెచ్చి. ఇన్నేళ్లు నేను కాసిన కాపలాకి ఇదా బహుమతి? నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. కర్మలన్నీ అయ్యేదాకా ఆ కోపంతోనే తిరిగాను. చూడ్డానికి వచ్చినవాళ్లు నన్ను గుండె దిటవుగల మనిషి అనుకున్నారు.

కర్మలయ్యాక స్కూలు మైదానంలో సంతాపసభ పెట్టారు. ఏర్పాట్లన్నీ మా తమ్ముడివే. వెళ్లి చూద్దును గదా, రెండు నిలువుల ఎత్తు ఫ్లెక్సీ. మా ఆయన తలకాయ ఎవరిదో కండల శరీరం మీద అతికించారు. చేతిలో ఇంత పొడుగు తుపాకీ, వెనకాల యుద్ధ టాంకు, మంటలు.

"ఎవడ్రా ఈ తుపాకీ పెట్టింది?" అన్నాను.

"నేనే అక్కా," అన్నాడు రమేష్‌బాబు. వాడికిప్పుడు తల నెరిసింది, బుద్ధి మాత్రం ఆ పెళ్లిపంక్తి దగ్గరే ఉండిపోయింది. "గాడిద బొమ్మ పెడితే బాగోదు గదా. నలుగురూ వస్తారు."

వచ్చారు నలుగురూ. మైకు పట్టుకున్న ప్రతివాడూ ఆయన్ని ఒక్కో యుద్ధానికి పంపాడు. శత్రువుల గుండెల్లో నిద్రపోయాడట. శత్రువుల సంగతేమో గానీ నా గుండెల్లో మాత్రం రైళ్లు పరిగెత్తించారు. ఆ మాట చెప్పడానికి నాకెవరూ మైకు ఇవ్వలేదు. వేదిక మీద కుర్చీలో కూచుని పళ్లు నూరుకున్నాను.

అప్పుడు వేదిక పక్కకి దుర్గాభవాని వచ్చింది. ఆవుని వంటింట్లో దాచిన సుభద్రమ్మ మనవరాలు. పాలు అమ్ముకుని పిల్లల్ని చదివించుకుంటోంది, ఉన్నది ఒక్క ఆవు. కళ్లు వాచి ఉన్నాయి.

"పెద్దమ్మా, ఇయ్యాల అడక్కూడదు. తెలుసు. ఆవు పొద్దున్నించీ..."

మాట పూర్తి కాకుండానే పక్కనున్న ఆడవాళ్లు దుర్గాభవాని మీద పడ్డారు. బుద్ధుందా అన్నారు. మొగుడు పోయి నెలైనా కాలేదు, ఆవిడ ఒకరి శాలలో, అదీ ఈనే పశువు దగ్గర అడుగు పెట్టొచ్చా అన్నారు.

"మా ఆవుకి పట్టింపుల్లేవు," అంది దుర్గాభవాని.

నేను లేచాను. మైకులో ఎవరో ఆయన్ని ఇంకో యుద్ధానికి తీసుకెళుతున్నారు. వినిపించుకోకుండా మెట్లు దిగిపోయాను. రమేష్‌బాబు వెనకాలే వచ్చి, అక్కా సభ మధ్యలో లేవకూడదు అని గొణిగాడు. ఆ తుపాకీ పట్టుకుని నువ్వు కూచో అన్నాను.

దుర్గాభవాని శాల మైదానానికి దగ్గరే. ఆవు పడుకుని మూలుగుతోంది. తీయడానికి గాజులు కూడా లేవు. సబ్బు రాసుకుని మోకాళ్ల మీద కూచుని చెయ్యి పెట్టాను. ఒక కాలు తగిలింది. తడిమాను. ముందుకాలో వెనకకాలో తేలలేదు. ముందుకాలైతే ఒక దారి, వెనకకాలైతే ఇంకో దారి. పొరపాటున లాగితే రెండూ పోతాయి.

"ఏమండీ, ఇది ముందుకాలా, వెనకకాలా?" అని అడిగేశాను.

అందరూ నేల చూపులు చూశారు. నాకు ఒళ్లు మండిపోయింది. అడక్కపోయినా చెప్పే మనిషి, మూసుకోమంటే మూసుకోని నోరు, ఇప్పుడు అవసరం పడి అడుగుతుంటే పలకరేం? ఆ మాటే గట్టిగా అనేశాను. చుట్టూ జనం ఉన్నారని కూడా చూసుకోలేదు.

చెప్పేవాళ్లు లేరు. కళ్లు మూసుకుని ఒక్కో కీలూ మళ్లీ మొదట్నుంచి తడిమి, ఎటు మడత పడుతోందో నేనే తేల్చుకున్నాను. నొప్పి వస్తే ఆగాను, తగ్గితే తోశాను. నా చేతికి ఎవరూ ఏమీ చెప్పకుండానే పని తెలిసింది.

దూడ బయటపడింది. పెయ్య. తల్లి నాకుతుంటే తడబడి లేచి నిలబడింది. నేను అక్కడే పేడలో చతికిలబడిపోయాను. ఆయన పోయిన రోజున రాని ఏడుపు అప్పుడొచ్చింది, ఆపుకుందామన్నా ఆగలేదు.

దుర్గాభవాని కంగారుపడి నా పక్కన కూలబడింది.

"ఏడవకు పెద్దమ్మా, సూడు, దూడ బాగున్నాది."

బాగుందే తల్లీ. నాకూ కనిపిస్తోంది. ఎవరికి చెప్పమంటావు?