గ్యాసు బాబాయ్ సంతకాలు

ముప్పై ఏళ్లుగా ఇంటింటికీ గ్యాసు పైపులు బిగించిన మనిషి కాబట్టి ఆ వీధిలో అందరూ అతన్ని గ్యాసు బాబాయ్ అనేవారు. అందుకే గ్యాసు కంపెనీ కూడా ఏరికోరి అతన్నే పట్టుకుంది. నలభై ఇళ్లకు వంటకూ, నీళ్లు కాచుకోడానికీ, ఇల్లు వెచ్చబెట్టుకోడానికీ గ్యాసు బదులు హైడ్రోజన్ ఇస్తారట. పొగ రాదు, మసి పట్టదు, మండాక మిగిలేది నీటి ఆవిరేనట. యాభై ఆరేళ్ల వయసులో కళ్లజోడు తుడుచుకుంటూ శిక్షణ తరగతిలో కూర్చున్నాడతను. తర్వాత ఒప్పంద కాగితాలు చంకన పెట్టుకుని గడప గడపా ఎక్కాడు.

అందరికన్నా మొండికేసింది సొంత అక్కే.

"పేలుతుందేమోరా!"

"బిగించేది నేనే కదక్కా. నా మీద నమ్మకం లేదా?"

"నీ మొహం చూసి పెడుతున్నా," అంటూ సంతకం చేసింది.

పాత పొయ్యిలు పీకేశారు. కొత్త వాయువు మహా పలచన. పాత గ్యాసు నిలిచిన అతుకుల్లోంచే ఇది జారిపోయేది. ఒక్కో అతుకూ మూడేసి సార్లు విప్పి బిగించాడు. ఆ పనికి పట్టిన రెండు నెలలూ అక్క చలిలో చన్నీళ్లతోనే గిన్నెలు తోముకుంది.

ఒకరోజు పథకం రద్దయిందని ఉత్తరం వచ్చింది. అతను రుసరుసలాడుతూ కంపెనీకి వెళ్లాడు. ఊళ్లో హైడ్రోజన్ నింపే ఒక్క బంకూ మూతపడటంతో అక్కడి ఇంజనీరు హైడ్రోజన్ కారు ఆవరణలో దుమ్ము కొట్టుకుపోయి ఉంది.

"కరెంటుతో హైడ్రోజన్ తీసి, మళ్లీ దాన్ని మండించడం దండగండీ," అన్నాడు ఇంజనీరు. "అదే కరెంటు నేరుగా, బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగే హీట్ పంపుకిస్తే ఐదారింతల వెచ్చదనం."

"ఈ సంగతి ఇప్పుడు తేలిందా?"

"మొదట్నుంచీ తెలుసు. జనం ఒప్పుకుంటారో లేదో చూద్దామని..."

"ఒప్పుకున్నారుగా!"

"మీరు అడిగారు కాబట్టి. అందుకేగా మిమ్మల్ని పెట్టుకున్నాం."



పాత పొయ్యిలు మళ్లీ బిగించే పనీ అతని నెత్తినే పడింది. ఎవరూ తిట్టలేదు. చేతులు కట్టుకుని, అతని వేళ్లనే చూస్తూ నిలబడ్డారు. అక్క ఇంట్లో పని ముగించి, "వెలిగించక్కా," అన్నాడు.

"ఉండు. కంపెనీ నుంచి ఇంకొకర్ని రమ్మన్నాను. వాళ్లు చూశాక వెలిగిస్తా."

వచ్చినవాడు అతుకులన్నీ తడిమి, బాగున్నాయన్నాడు. అక్క ఆ వచ్చినవాడికి కుర్చీ వేసింది. తమ్ముడు మెట్ల మీదే నిలబడి అంతా విన్నాడు.

చివరి ఇల్లు పూర్తయిన వారంలోనే ఉద్యోగం మానేశాడు. తర్వాత కూడా అక్క అతని ఆరోగ్యం అడిగేది, మనవల కబుర్లు చెప్పేది. పొయ్యి ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.