గాలి వస్తే తలుపులు మూసే వీధి

ఈ ప్రయాణానికి కారణం ఒక పాట. నా చిన్ననాటి స్నేహితుడు మురళి హైదరాబాద్‌లో పాప్ ఆల్బమ్ చేస్తూ, అందులో ఒక పాట మేం పుట్టిన వీధి మీద కట్టాడు. విశాఖ రేవు వెనక వీధి అది. ఫోన్లో పల్లవి వినిపించాడు: "కిటికీ తీస్తే సంద్రపు గాలి, మా వీధంతా చల్లని జోల." నాకు ఒళ్లు మండింది. వాళ్ల నాన్నకు ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం వచ్చి, వాడి చిన్నప్పుడే కూర్మన్నపాలెం వెళ్లిపోయారు. నేను డిగ్రీ అయ్యేదాకా మా వీధిలోనే ఉన్నాను. ఆ వీధిలో మధ్యాహ్నం కిటికీ తీసే మొనగాడెవడు? "ఒకసారి నాతో వచ్చి చూసి, అప్పుడు పాడు" అన్నాను. వీధి చప్పుళ్లు రికార్డు చేసుకోవచ్చని ఒప్పుకున్నాడు.

హైదరాబాద్‌లో సాయంత్రం రైలెక్కి పొద్దున్నే విశాఖలో దిగాం. స్టేషన్ నుంచి పాత ఊరికి ఆటోలో పావుగంట, మనిషికి ముప్పై రూపాయలు. సిటీ బస్సులున్నాయి గానీ, చివర సందుల్లో నడక తప్పదు. డ్రైవరు అద్దంలోంచి మురళి చేతిలో మైకు చూశాడు.

"ఏటి బావా, సినిమావోల్లా?"

"కాదు, ఈ వీధి మీద పాట చేస్తున్నాం."

"ఈ ఈది మీద పాటేటి? దగ్గుతో తాళమేత్తారేటి?"

మురళి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పొద్దున వీధి బాగానే ఉంటుంది, అబద్ధమెందుకు. చేపల గంపలు దిగుతున్నాయి, కుళాయి దగ్గర తగువు నడుస్తోంది. ఇడ్లీ బండి దగ్గర తింటూ మురళి మురిసిపోయాడు. "చూశావా, ఏమీ మారలేదు." నిజమే, ఏమీ మారలేదు. నా ఏడుపూ అదే.

మధ్యాహ్నం గాలి రేవు వైపు నుంచి తిరిగింది. అక్కడ ఓడల కోసం ఆరుబయట పోసిన ఇనుప ఖనిజం గుట్టలు, బొగ్గు గుట్టలు ఉంటాయి. గాలి తిరగడం ముందుగా పసిగట్టిన ఆడమనిషి గుమ్మంలోకొచ్చి కేక వేయడం, పక్కిల్లు దాన్ని అందుకోవడం మా వీధి రివాజు. చూస్తుండగానే తీగల మీది బట్టలు మాయమై, తలుపులు మూతపడతాయి. ఆ రోజు కేక మా పాత పక్కింటి పైడమ్మత్తది.

"గాలొచ్చినాదర్రోయ్... తలుపులేసీండర్రోయ్..."

ఆ సాగదీతలో రాగం ఉంది. మురళి కళ్లు మెరిశాయి. "అత్తా, ఇంకోసారి అనవా? పాటలో పెడతాను."

ఆవిడ మమ్మల్ని లోపలికి లాగి తలుపు వేసింది. చీకటి, ఉక్కపోత. గోడ మీద భర్త ఫోటో. ఆయన రేవులో మోతపని చేసేవాడు. కొంగుతో ఫోటో అద్దం తుడిచి, నల్లబడ్డ కొంగు మురళి ముందు పట్టింది.

"పొద్దున్నే తుడిసినాను. మీ మావ ఊపిరితిత్తుల్ని ఎవుడు తుడిసినాడు? దగ్గీ దగ్గీ పోనాడు. తలుపులెందుకు ఏసుకుంటన్నామో పాటలో సెప్తానంటేనే అంటాను."

"చెప్తానత్తా."

"ఒట్టేటి?"

"ఒట్టు."

తలుపు వారగా తీసి మళ్లీ కేక వేసింది. చివర దగ్గు తెర వచ్చింది.

పాట విడుదలైంది, ఊరంతా మోగింది. పల్లవి మారలేదు. మధ్యలో వేణువు వెనక అత్త గొంతు: "గాలొచ్చినాదర్రోయ్." అక్కడికి కత్తిరించేశారు. తలుపులూ లేవు, దగ్గూ లేదు. "దుమ్ము గురించి ఎవడు వింటాడురా" అన్నాడు మురళి.

చిన్ననాటి వీధిని ప్రేమించడం తప్పని నేననను. ఆ గుట్టల మీద కనీసం ఒక పరదా కప్పండని అడగలేని ప్రేమ మాత్రం ఎవరికి కావాలి? తర్వాత ఒంటరిగా వెళ్లినప్పుడు, పాట విన్నావా అని అత్తను అడిగాను. "ఇన్నాను. నా గొంతే," అంది. "ఆ ముక్క ఇని గాలి కోసం బయటికొచ్చీగల్రు, ఎర్రిబాగులోల్లు."

మీరు వెళ్లేట్టయితే పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నం ఆ కేక వినబడితే మైకు తీయకండి. దగ్గర్లో ఏ గుమ్మమైనా ఎక్కండి, కాదనరు. లోపలికి వెళ్లి, మీ వెనక తలుపు వేయండి.