జెండా పాట ముందు ఆపుకున్న తుమ్ము

"నోరు మూసుకుని తుమ్మొద్దు" అని పళ్ళ డాక్టరు చెప్పినప్పుడు నవ్వొచ్చింది. మత్తు ఇంజక్షన్‌కు చెంప మొద్దుబారి ఉండటంతో ఆ నవ్వు ఒక పక్కకే వచ్చింది.

రెండువేల ఎనిమిది ప్రాంతం. పైదవడలో కుడివైపు దవడపన్ను పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. పన్ను లేని చోట ఎముక కూడా కరిగిపోతుందని నాకు తెలియదు. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించాడు. దవడ ఎముక పైన నల్లటి ఖాళీ. అది గాలి గది, ముక్కుతో కలిసి ఉండే సైనస్. దాని కింద మిగిలిన ఎముక సన్నటి గీతలా ఉంది. కొత్త పన్నును మోసే స్క్రూ పట్టుకోవడానికి అది చాలదు. అందుకని గాలి గది అడుగున ఉండే పొరను మెల్లగా పైకి లేపి, ఆ సందులో ఎముక పొడి నింపి, స్క్రూ బిగించాడు. ఆ స్క్రూ నిలబడితే తర్వాత దాని మీద పన్ను.

"ఉల్లిపొర లాంటిది సార్ అది. పొడి గట్టిపడి మీ ఎముకతో కలిసేదాకా స్క్రూ నిలబడ్డట్టు కాదు. ఆరు నెలలు పడుతుంది. ముక్కు చీదకండి. తుమ్ము వస్తే నోరు బాగా తెరిచి తుమ్మండి. ఆపుకున్నారంటే ఆ గాలంతా పొర మీదికే పోతుంది."

"ఈయన పొద్దున లేస్తే పోయేది మిర్చి యార్డుకు డాక్టర్‌గారూ" అంది నా భార్య.

డాక్టరు ఒక్క క్షణం నా ముఖం చూశాడు. "సెలవు పెట్టండి" అన్నాడు.

కొన్నాళ్ళు పెట్టాను. కానీ సీజన్‌లో ఖమ్మం విలేకరి మిర్చి ధర పంపకుండా ఎంతకాలం ఉంటాడు? పైగా మా బావ ఫోన్ చేశాడు. మా అక్కను చేసుకున్న ఆయనది చండ్రుగొండ అవతల, అడవి అంచున ఉన్న ఊరు. "రేపు సరుకు తెస్తున్న బామ్మర్ది. ఈసారి జెండా నాదే. రాకుంటే మీ అక్కకు చెప్త" అన్నాడు.

యార్డులో రోజూ పొద్దున్నే అన్నింటికన్నా మేలైన సరుకు దగ్గర జెండా పట్టుకుని మొదటి వేలంపాట పాడతారు. అక్కడ పలికిందే ఆ రోజుకు పై ధర. జెండా పడిందంటే రైతుకు ఊళ్ళో ఏడాదంతా చెప్పుకునే సంగతి. ఆ రోజు నిజంగానే బావ బస్తాల మీద పడింది.

మిర్చి యార్డులో తుమ్ముకు శకునం లేదంటారు. హమాలీలు, కమీషన్ వాళ్ళు, టీ అమ్మేవాళ్ళు, అందరూ తుమ్ముతూనే ఉంటారు. కానీ జెండా పాటకు నోరు తెరిచే ఆ ఒక్క నిమిషం మాత్రం వేరు. ఎవరూ ఏమీ అనరు, తువ్వాళ్ళు మాత్రం ముక్కుల మీదికి వెళ్తాయి. ఒంటి తుమ్ము పడితే ధర తెగుతుందని అందరి లోపలా ఉంటుంది.

సరిగ్గా ఆ నిమిషంలోనే నాకు వచ్చింది. బావ చూశాడు. కళ్ళతోనే వద్దన్నాడు. డాక్టరు మాట గుర్తుంది. అయినా చిన్నప్పటి నుంచి అలవాటైన చెయ్యి ముందే లేచింది. ముక్కు నొక్కి, పెదవులు బిగించాను. తుమ్ము లోపలికే పేలింది. కుడి కంటి కింద ఏదో సన్నగా చిట్లినట్టు అనిపించింది. పాట మొదలైంది. జనం కేకల మధ్య జేబురుమాలు తీసి చూసుకుంటే ఎర్రటి చుక్క. కారం కాదు.

ధర బాగా పలికింది. బావ నా భుజం చరిచాడు. "ఏంది బామ్మర్ది, గట్ల తెల్లబోయినవ్?"

జేబురుమాలు చూపించి, సంగతి చెప్పాను. ఆయన ముఖంలో జెండా దిగిపోయింది.

సాయంత్రం డాక్టరు మళ్ళీ ఎక్స్‌రే తీశాడు. "పొర చిరిగిందో లేదో ఇందులో తెలియదు. చిన్న చిరుగైతే అదే మానుతుంది. పొడి పైకి జారి ఉంటే మాత్రం స్క్రూకు పట్టు ఉండదు. తీసేసి మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. ఇప్పుడు చెప్పలేను. ఆగుదాం."

ఆగడం నా వృత్తిలో లేదు. ఏ వార్తైనా సాయంత్రానికి తేలిపోవాలి. ఇది మాత్రం నోట్లోనే ఉండి నాకే తెలియని వార్త. పొద్దున పుక్కిలించినప్పుడు నీళ్ళు ముక్కులోకి వస్తున్నాయేమోనని వంగి చూసుకునేవాణ్ణి. రాలేదంటే మధ్యాహ్నం దాకా ధైర్యం. భద్రాచలం వెళ్ళే బస్సు గుంతలో పడితే చెయ్యి చెంపకు వెళ్ళేది. రాస్తూ రాస్తూ నాలుకను అక్కడికి పోనిచ్చి, చిగురు కదిలినట్టుందే అనుకుని ఆగిపోయేవాణ్ణి. "నాలికను కట్టెయ్యరాదూ" అని నా భార్య కసురుకునేది. మళ్ళీ తనే టార్చిలైటు తెచ్చి నోరు తెరవమనేది.

ఆరు నెలలు నిండాయి. స్క్రూ నిలబడిందో లేదో చూసే పరీక్ష రోజు బావ పొద్దున్నే ఖానాపురం హవేలిలోని మా ఇంటికి వచ్చాడు. చెప్పులు వేసుకుని గడప దాటబోతుంటే ఆయనకే తుమ్ము వచ్చింది. చెయ్యి ముక్కు మీదికి పోయింది.

"ఆపకు బావా!" అని అరిచాను.

వాకిలి దద్దరిల్లేలా తుమ్మాడు. ఒక్కటే.

"అయ్యో, ఒంటి తుమ్ము. ఇంకోటి తుమ్ము అన్నా" అంది నా భార్య.

"అడిగితే వస్తదా చెల్లె, అదేమన్న పిలిస్తే ఉరికొచ్చే కోడా?" అంటూనే ఆయన భుజం మీది తువ్వాలు ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చాడు. అందులో ఎప్పటి మిర్చి ధూళి ఉందో, రెండోది వచ్చింది. ఎవరమూ నవ్వలేదు.

డాక్టరు చిగురు కోసి, స్క్రూ తలకు చిన్న తాళంచెవి లాంటిది తగిలించాడు. "తిప్పుతున్నా. పట్టు లేకపోతే తిరుగుతుంది, మీకే తెలుస్తుంది." కళ్ళు మూసుకున్నాను. పుర్రె అంతా ఆ తాళంచెవితో పాటు ఒక పక్కకు లాగినట్టయింది. స్క్రూ మాత్రం తిరగలేదు. పనిముట్టు పిడితో దాని మీద తట్టాడు. కంచుగిన్నె అంచున తట్టినట్టు గట్టిగా మోగింది.

"నిలబడింది సార్. ఇప్పుడు మీరు తీయమన్నా రాదు."

తలుపు బయట బావ నిలబడే ఉన్నాడు. నా నోట్లో దూది. "ఉన్నదా, ఊడిందా?" అని నన్ను వదిలి డాక్టరును అడిగాడు. ఉందని చెప్పాడాయన.

"అంటే ఆ తుమ్ము ఏం చెయ్యలేదా సార్?"

"చిరిగి మానిందేమో, అసలు చిరగలేదేమో. నాకూ తెలియదు."

బావ బెంచీ మీద కూలబడి తువ్వాలుతో ముఖం తుడుచుకోబోయి, మిర్చి ధూళి గుర్తొచ్చి దాన్ని దూరంగా పెట్టాడు.

"బామ్మర్ది, మళ్ల నా సరుకు మీద జెండా పడితే నువ్వు యార్డుకు రాకు. ధర నేనే ఫోన్ల చెప్త."